పెరుగన్నం గిన్నె, మీటింగులో గొడవ, చచ్చిపోయిన జెర్రిపోతు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజమండ్రి. అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఉంటాం. కింద మూడు వీధి కుక్కలున్నాయి. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి పెడుతున్నాను. పోయిన నెల వాటిలో ఒకటి మొదటి అంతస్తు వాళ్ల బాబు వెంటపడిందని అసోసియేషన్ మీటింగులో నన్ను నిలబెట్టి అడిగారు. అదే వారం పార్కింగులోకి వచ్చిన జెర్రిపోతుని వాచ్‌మన్ కర్రతో కొట్టి చంపాడు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు, నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు. మా పాపకి పదకొండేళ్లు. పుట్టినరోజుకి చిలక కావాలని పేచీ. బజారులో పిల్ల చిలకలు దొరుకుతాయట. షెల్టరు పెట్టేంత స్తోమత, పెద్ద విరాళాలిచ్చే శక్తి నాకు లేవు. నాలాంటి మామూలు గృహిణి మూగజీవాల కోసం రోజువారీగా చేయగలిగింది ఏమైనా ఉందా? చివరగా ఓ చిన్న సందేహం. కుక్కలకి పెరుగన్నం మంచిదేనా? ఒక్కోసారి ఉల్లిపాయ కూర కూడా కలుపుతుంటాను.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది జంతువుల గురించే గానీ ఉత్తరం నిండా మనుషులే కనపడ్డారు నాకు. బాబు, బాబు వాళ్లమ్మ, వాచ్‌మన్, మీటింగులో కూర్చున్నవాళ్లు, మీ పాప. ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా చేసినవాణ్ణి, నాకిది కొత్త కాదు. ఎద్దు కాలు బెణికిందని కబురొస్తే వెళ్లేవాణ్ణి. ఎద్దుతో పావుగంట పని. రైతుతో, వాళ్ల అన్నదమ్ములతో, నాటుమందు పట్టుకొచ్చిన పెద్దాయనతో గంటన్నర పని. మీకూ అంతే. కుక్కలకి అన్నం పెట్టడం మీకు వచ్చు. మిగతాదంతా పక్కింటివాళ్లతో మాట్లాడటమే.

ముందు ఆ బాబు సంగతి. నలుగురిలో మిమ్మల్ని నిలబెట్టి అడగడం బాగాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తల్లి భయం మాత్రం ఒట్టి భయం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు ఈ రోజుకీ లేదు. అందుకని మీరే వాళ్లింటికి వెళ్లండి. కుక్కల తరఫున వకాల్తా పుచ్చుకోకుండా ‘బాబు ఎలా ఉన్నాడమ్మా’ అని అడగండి. తర్వాత మీరు అన్నం ఎక్కడ పెడుతున్నారో ఒకసారి చూసుకోండి. ఉత్తరంలో రాయలేదు గానీ, మెట్ల దగ్గరో లిఫ్టు పక్కనో పెడుతున్నారని నా అనుమానం. కుక్కకి అన్నం దొరికే చోటు సొంత ఇల్లుతో సమానం. గిన్నె ముందు నుంచి పరుగెత్తే పిల్లవాడు దాని కంటికి దొంగే. గిన్నె చోటు మారిస్తే కుక్క బుద్ధి సగం మారుతుంది. నేనిది చాలా చోట్ల చూశాను.

చోటు విషయంలో రూలు కూడా ఉంది. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కుక్కలకి తిండి పెట్టే చోటుని అసోసియేషనే చూపించాలి. పిల్లలు ఆడుకునే చోటుకీ, మెట్లకీ, రాకపోకల దారికీ అది దూరంగా ఉండాలి. వేళ కూడా పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కువగా తిరగని సమయం చూసి పెట్టుకోవాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. నడివీధిలో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, కేటాయించిన చోటే పెట్టాలి అంది. కాబట్టి మీటింగుకి మళ్లీ వెళ్లండి. ఈసారి జవాబు చెప్పుకోవడానికి కాదు, ‘చోటు చూపించండి’ అని అడగడానికి. కాంపౌండు వెనక ఓ మూల చాలు. వేళ తప్పకుండా పెట్టండి. తిన్న ఇరవై నిమిషాలకి గిన్నెలు కడిగి తీసేయండి. మెతుకులు మిగిలితే ఎలుకలొస్తాయి. ఎలుకల వెనకాల ఎవరొస్తారో మీ పార్కింగులో చూశారుగా.

ఇక్కడో కటువు మాట అనాలి. ఆపరేషన్ చేయించకుండా అన్నం మాత్రమే పెడుతూ పోతే మీరు చేస్తున్నది సగం మేలే. మీ మూడింటిలో ఆడకుక్క ఒక్కటున్నా చాలు. రెండు నెలల చూలు, ఈతకి నాలుగైదు పిల్లలు, ఏడాదికి ఒకటి రెండు ఈతలు. అందులో చాలా పిల్లలు చక్రాల కింద, వానలో, జబ్బుతో పోతాయి. మిగిలినవి అన్నం కోసం, చోటు కోసం కొట్లాడుకుంటాయి. పిల్లల తల్లి దగ్గరికి ఎవరొచ్చినా మీదపడుతుంది. మగవి ఆడదాని కోసం గుంపు కడతాయి. మనుషుల్ని కరవడం ఎక్కువయ్యేది ఆ రోజుల్లోనే.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటే తిరిగి వదలాలన్నది ఆ నియమాల సారాంశం. తెచ్చిన చోటే ఎందుకు వదలాలని మీ సెక్రటరీ గారు అడగవచ్చు. ఉన్న మూడింటినీ ఊరవతల వదిలేస్తే ఆ ఖాళీలోకి ఆపరేషన్ లేనివి, టీకా లేనివి వచ్చి చేరతాయని చెప్పండి. ఆపరేషన్ అయినదానికి చెవి కొస చిన్నగా కత్తిరించి గుర్తు పెడతారు. మీవాటికి ఆ గుర్తుందో లేదో ఈ రాత్రే చూడండి. లేకపోతే అసోసియేషన్ తరఫున మున్సిపల్ కమిషనర్‌కి దరఖాస్తు రాయండి. సెక్రటరీ గారి సంతకం తప్పకుండా ఉండాలి. పిల్లల భద్రత కోసం అడుగుతున్నాం అంటే ఆయన కాదనలేరు. మీ గెలుపు కూడా అందులోనే ఉంది. కుక్కల్ని పట్టే బండి వచ్చిన రోజు మీ అవసరం పడుతుంది. వలలు చూసి పారిపోయే కుక్కలు మీ గొంతు వింటే వస్తాయి. ఆపరేషన్‌కి ముందు రాత్రి మాత్రం పెరుగన్నం బంద్, ఖాళీ కడుపుతో పంపాలి. అవి మీ వంక చూసే చూపుకి కరిగిపోకండి.

ఎప్పుడైనా ఎవరినైనా కరిస్తే ముందు కొళాయి కింద పెట్టి, సబ్బుతో, గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, పసరు ఏవీ అద్దకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత భయం ఇంకా చాలామందిలో ఉంది, దానివల్లే ఆలస్యం చేసి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు చేతికే వేస్తారు, నాలుగైదు విడతల్లో అయిపోతుంది. చర్మం తెగి రక్తం వచ్చినా, గాయం లోతుగా ఉన్నా టీకాతో పాటు సీరం (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాలి, అడగడానికి మొహమాటపడకూడదు. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అతికించండి. కుక్కల మీద కోపంగా ఉన్నవాళ్లకి కూడా పనికొచ్చే కాగితం అది.

ఇక జెర్రిపోతు. వాచ్‌మన్‌ని తిట్టకండి. రాత్రంతా కింద ఒంటరిగా పడుకునేది అతను. పాము కనపడితే కొట్టాలని తప్ప ఇంకేదీ అతనికి ఎవరూ నేర్పలేదు. జెర్రిపోతుకి విషం లేదు. ఎలుకల్ని తిని బతుకుతుంది. పొడుగ్గా, వేగంగా, గోధుమ రంగులో ఉండేసరికి నాగుపామనుకుని కొడతారు. మన వైపు ప్రాణం తీసేవి ప్రధానంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. మిగతావాటిలో ఎక్కువ భాగం జెర్రిపోతు, నీరుకట్టె లాంటి అమాయకులే. నాగుల చవితికి పుట్ట దగ్గర దణ్ణం పెట్టి, పాలు పోసి వచ్చిన ఇంట్లోనే మర్నాడు కర్ర లేస్తుంది. (పాము పాలు తాగదు లెండి. పుట్టలో పోసిన పాలు లోపల ఉన్నదానికి ఇబ్బందే. దణ్ణం పెట్టి, పాలు ఇంటికి తెచ్చుకుని పాపకిచ్చినా నాగేంద్రుడు ఏమీ అనుకోడు.)

ఇది పాము వచ్చాక చేసే పని కాదు, ఈ వారమే చేయండి. మీ ఊళ్లో పాములు పట్టేవాళ్ల నంబరు అటవీశాఖ ఆఫీసులో అడిగి, వాచ్‌మన్ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. విశాఖ వైపు ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్లు గిరినాగుల్ని (కింగ్ కోబ్రాల్ని) చంపకుండా ఏజెన్సీ ఊళ్లలో తిరిగి చెబుతుంటారు. అలాంటివాళ్లు చెప్పేది ఒకటే. పాము కనపడగానే జనాన్ని వెనక్కి పంపండి, ఒక్కరు మాత్రం దూరం నుంచి అది ఎటు పోతోందో కనిపెట్టుకుని ఉండండి, పట్టేవాళ్లు వచ్చేదాకా ముట్టుకోకండి. వాచ్‌మన్‌కో మంచి టార్చిలైటు కొనివ్వండి. పార్కింగులో పాత తలుపులు, ఇటుకలు, అట్టపెట్టెలు కుప్పలుగా ఉంటే తీయించండి. జెర్రిపోతుని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తప్పేనని కూడా చెప్పవచ్చు గానీ, ఆ మాట ఆఖరున చెప్పండి. టార్చిలైటు ముందు ఇచ్చి చట్టం తర్వాత చెబితే వింటాడు.

చిలక దగ్గరికి వద్దాం. పాపకి అబద్ధం చెప్పకండి, ‘దొరకలేదు’ అనకండి. దొరుకుతుంది, అదే బాధ. మన రామచిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం అన్నీ ఆ 1972 చట్టం ప్రకారం నేరాలే. పైగా 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అదే. బజారులో బుట్టలో కనపడే పిల్లల్ని చెట్టు తొర్రలోంచి, ఇంకా ఈకలు రాకముందే లాగి తెస్తారు. దారిలో చచ్చినవి పోగా మిగిలినవి బుట్టలోకి వస్తాయి. జాలిపడి ఒకటి కొని ఎగరేద్దామనుకుంటారు కొందరు. అమ్మేవాడికి అదీ బేరమే. రేపు ఇంకో తొర్ర వెతుక్కుంటాడు. దసరాకి తెలంగాణలో పాలపిట్టని చూడాలన్న ఆనవాయితీ ఉంది కదా, ఆ ఒక్క రోజు కోసం పాలపిట్టల్ని పట్టి, పంజరంలో పెట్టి, చూపించినందుకు డబ్బులడిగేవాళ్లున్నారు. శుభం కోసం చూసే పక్షి రెక్కలు దెబ్బతిని చచ్చిపోతుంది. పంజరంలో ఉన్నదానికి పైసా ఇవ్వకపోవడమే దానికి మీరు చేసే సాయం. ‘ఇంట్లో ఉంటే కలిసొస్తుంది’ అని అమ్మే నక్షత్ర తాబేలు విషయంలోనూ ఇదే లెక్క.

పాపకి మాత్రం ఖాళీ చేతులు చూపించకండి. మన గోదావరి జిల్లాల్లో వరి కోతలప్పుడు కంకుల్ని జడలా అల్లి వరి కుచ్చులు కట్టి వసారాలో, గుడి మండపంలో వేలాడదీసేవాళ్లం. మా నాయనమ్మ కుచ్చు కట్టకుండా కొత్త బియ్యం వండేది కాదు. మొదటి పంట పిచ్చుకలదని ఆవిడ లెక్క. మీ బాల్కనీలో ఒకటి కట్టండి, పక్కన మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. వారం పది రోజులు ఏమీ రావు. పాప అలుగుతుంది. తర్వాత పిచ్చుకో, గువ్వో, ఒక్కోసారి చిలకలే వస్తాయి, వచ్చి పంజరంలో చిలక ఎన్నడూ చేయనంత అల్లరి చేస్తాయి. మూకుడులో ఓ గులకరాయి వేయండి, ఉడతపిల్ల జారి పడితే పైకెక్కడానికి. నీళ్లు రోజూ మార్చాలి. ఆ పని పాపదే. నాలుగు నెలలు తప్పకుండా మార్చిందంటే, అప్పుడు ఓ వీధి కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకోవడం గురించి ఆలోచించండి. రాజమండ్రి ఎండలో హస్కీని పెంచి, తర్వాత పోషించలేక రోడ్డు మీద వదిలేసినవాళ్లని చూశాను. పెంచుకున్న జంతువుని అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. వదిలేసేవాళ్లకి ఆ సంగతి తెలియదు.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను, నా దృష్టిలో మీ వంటింట్లో మిగతా అన్నిటికంటే పెద్ద పని ఇదే. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి, కారిపోకుండా ముడి వేసి, చెత్త దగ్గర పడేస్తాం. ఆవుకి సంచి విప్పుకునే చేతులు లేవు. వాసన తగిలితే ముడితో సహా మింగేస్తుంది. ఆవు పొట్టలో నాలుగు గదులు, మొదటిదే అన్నిటికంటే పెద్దది. ప్లాస్టిక్ అక్కడే ఉండిపోతుంది, అరగదు, ముందుకి పోదు. సంచి మీద సంచి చేరి, మధ్యలో తాళ్లు, మేకులు, సూదులు కూడా చేరి గట్టి ముద్దలా అవుతుంది. పొట్ట నిండుగా కనపడుతుంది, పశువు మాత్రం ఎండిపోతుంటుంది. చూలు అనుకుని మురిసిపోయిన రైతు ఒకాయన నాకు గుర్తున్నాడు. ఎడమ డొక్క కోసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి ఆ ముద్దని ముక్కలుగా లాగాల్సి వచ్చింది. రెండు తొట్లు నిండాయి. అందులో ఓ పెళ్లి భోజనాల సంచి, లోపల అరటి ఆకుతో సహా అలాగే ఉంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్లు ఇలాంటి ఆపరేషన్లు చేసి చేసి, ఇది ఒక్కో ఆవుని కోస్తే తీరేది కాదని 2012లో సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కారు.

మీరు చేయాల్సింది చిన్నది. తడి చెత్తని డబ్బాలో పెట్టి నేరుగా చెత్తబండిలో ఒంపండి. సంచిలో వేయక తప్పని రోజున ముడి మాత్రం వేయకండి. మీ అపార్ట్‌మెంటులో ఎన్ని వంటిళ్లున్నాయో, రోజుకి ఎన్ని ముళ్లు పడుతున్నాయో ఓసారి లెక్కపెట్టుకోండి. రోడ్డు పక్క జబ్బుపడిన పశువు కనపడితే 1962 నంబరుకి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఈ మాటలు నీతిమంతుడిలా చెబుతున్నాననుకోకండి. 1990ల్లో మేమంతా పశువులకి డైక్లోఫెనాక్ సూదులు వేశాం. జ్వరానికి, వాపుకి, కుంటుకి. చవకైన మందు, పొద్దున వేస్తే సాయంత్రానికి గొడ్డు లేచి మేతకి వెళ్లేది, రైతు నాకు దణ్ణం పెట్టేవాడు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, ఊరవతల దాని కళేబరం తిన్న రాబందుకి కిడ్నీలు పాడై చచ్చిపోతుందని 2004లో తేలింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. అప్పటికే మూడు జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. మా ఊరి తాటిచెట్ల మీద వరసగా కూర్చునే రాబందులు ఎప్పుడు కనపడకుండా పోయాయో నాకు గుర్తే లేదు, డాక్టరునై ఉండి. 2013లో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కొన్ని గూళ్లు కనపడ్డాయని విన్నప్పుడు చాలాసేపు మాట రాలేదు నాకు. 2023లో అలాంటి మందులే అయిన కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి వాడకూడదన్నారు. మీ పుట్టింట్లోనో అత్తవారింట్లోనో పాడి ఉంటే, సూది వేయడానికి వచ్చినవాళ్లని ‘మెలాక్సికామ్ వేయండి’ అని అడగమనండి. రాబందులకి హాని చేయని మందు అది. మనుషుల కోసం ఇంట్లో ఉంచుకున్న డైక్లోఫెనాక్ గొడ్డుకి వేయనివ్వకండి.

సంక్రాంతి ముందుంది కాబట్టి రెండు ముక్కలు. గాలిపటాల నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా దుకాణాల్లో దొరుకుతోంది. పాపకి నూలు దారమే కొనండి. పండగయ్యాక డాబా మీద, చెట్ల మీద చిక్కుకున్న దారాలు పిల్లలందరి చేతా ఏరించండి. కొంగలు, గబ్బిలాలు వాటిలో చిక్కుకుని నెలల తరబడి చస్తూనే ఉంటాయి. కోడిపందేల సంగతి ఎత్తితే మా చుట్టాలే నాతో మాట్లాడటం మానేస్తారు. 1960 చట్టం ప్రకారం అది నేరమని మాత్రం అని, పిండివంటల దగ్గరికి జరిగిపోతుంటాను. మీరు నాకంటే ధైర్యస్తులైతే మీ ఇంటి మగవాళ్లతో మాట్లాడి చూడండి.

మీ ఆఖరి సందేహం. పెరుగన్నం మంచిదే, ఎండాకాలం మరీ మంచిది. ఉప్పు కలపకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర మాత్రం వద్దు, ఉడికించినా సరే. అవి కుక్క రక్తంలోని ఎర్ర కణాలని విరిచేస్తాయి, రోజూ కొద్దికొద్దిగా తింటే మీకు తెలియకుండానే నీరసించిపోతుంది. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే ప్రమాదం. వండిన కోడి ఎముకలు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరంగా ఉందని మన పారాసెటమాల్ ఇవ్వకండి, పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది. ఒట్టి పెరుగన్నంతో బలం చాలదు. వారానికి రెండు మూడు సార్లు ఉడికించిన గుడ్డు నలిపి కలపండి. పెంకు తీసే పని పాపకి అప్పజెప్పండి.